రోగి ఒప్పుకోలేదు

పదకొండో భాగం

దసరా సెలవుల్లో హైదరాబాదు వెళ్లి ఐదు రోజులు, ఇంట్లో కరెంటు అని పిలిచే కిరణ చికిత్స చేయించుకుని వచ్చిన భాగీరథి, ఉగాది తర్వాత మొట్టమొదటిసారి వెల్లకిలా పడుకుని కన్ను మూసిన చోట కథ ఆగింది. ఆ నిద్రకు ఇప్పటికి మూడు వారాలు నిండాయి. ఈ మూడు వారాల్లో జహీరాబాదు బజారులో దాని గురించి మాట్లాడుకోని ఇల్లు లేదు. దాని అర్థం తెలిసిన మనిషి మాత్రం ఒక్కతే ఉన్నది. ఆమె భాగీరథి చెల్లెలు, రాయికోడ్ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని సుగుణమ్మ.

శనివారం ఒంటిపూట బడి ముగియగానే సుగుణమ్మ జహీరాబాదు బస్సెక్కింది. ఆమె చేతిసంచిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆ ఉదయమే టపాలో వచ్చిన హైదరాబాదు డాక్టరమ్మ ఉత్తరం. రెండోది నెల రోజులుగా హాజరుపట్టీ అట్టలో దాచి ఉంచిన ఆసుపత్రి కాగితం. మొదటిదాన్ని ఈ రోజు అక్క ఇంట్లో విప్పక తప్పదు. రెండోదాన్ని ఎన్నటికీ విప్పకూడదని ఆమె నిశ్చయించుకున్నది. విప్పకూడదనుకున్న కాగితాన్ని వెంట ఎందుకు తెచ్చుకుంటున్నదో మాత్రం ఆమె తనను తాను ప్రశ్నించుకోలేదు.

డాక్టరమ్మ పొడి మాటల మనిషి. ఉత్తరం కూడా అలాగే రాసింది. ఆఖరి రోజున భాగీరథి కుడికాలు కొంచెం ఈడుస్తున్నదని తొడకు ఫొటో తీయించారు కదా. అందులో ఎముక ఒక పక్క తినేసినట్టు కనిపించింది. వీపుకు పెట్టినట్టే తొడకూ ఐదు రోజులు కరెంటు పెడితే నొప్పి ముదరకముందే అణగుతుంది. ఎముక విరిగే ప్రమాదం తగ్గుతుంది. సోమవారం ఉదయం పది గంటలకు చోటు ఉంచాను. ఆ రోజు తప్పితే మూడు వారాల దాకా యంత్రం ఖాళీ లేదు. అంతవరకు ఆ కాలి మీద బరువు మోపనీయవద్దు. చివర ఒక వాక్యం విడిగా ఉన్నది: ‘ఇది ఆయుష్షును పొడిగించే వైద్యం కాదని మీకు ముందే చెప్పాను, మిగిలిన ఆయుష్షును మనిషిలా గడపనిచ్చే వైద్యం.’

సుగుణమ్మ అక్క ఇల్లు చేరేసరికి వాకిట్లో పందిరి గుంజలు పాతుతున్నారు. వంటింటి ముందరి అరుగు దగ్గర, కుడిచేయి గోడకు ఆనించి, ఎడమచేత్తో జల్లెడ ఆడిస్తూ భాగీరథి నిలబడి ఉన్నది.

“రా రా టీచరమ్మా! చూడు మీ అక్కను,” అని ఎదురొచ్చింది హనుమమ్మ. భాగీరథి భర్త చెన్నబసప్పకు ఆమె అక్క. చిన్నతనంలోనే భర్త పోతే తమ్ముని ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. “ఇగ లేవదనుకున్నోళ్ల నోట్ల మన్నువడ. పొద్దటి సంది నిలబడి గంపెడు రవ్వ జల్లించింది.”

“వదినె, ముందుగాల ఆమెను కూసోబెట్టున్రి.”

“కూసోని కూసోని నా నడుముకు చెదలు పట్టింది చెల్లె,” అని నవ్వింది భాగీరథి. “జర నిలబడనీ. నిలబడితె ఎంత బాగుంటదో నిలబడేటోళ్లకు ఎర్క ఉండదు.”

ఆ మాటలో అతిశయోక్తి లేదు. రెండేళ్ల క్రితం రొమ్ము కోసి తీసేసిన జబ్బు ఉగాది నాటికి వెన్నుపూసలోకి దిగింది. ఇంట్లో దానికి వాతమని పేరు పెట్టారు. పడుకుంటే వీపులో మేకు దిగినట్టుండేది; అందువల్ల మెత్త అని పిలిచే పెద్ద దిండుకు ఆనుకుని, మోకాళ్ల మీద నుదురు పెట్టుకుని, కూర్చునే తెల్లవార్చేది. అలా కూర్చున్న మనిషి ఇప్పుడు నిలబడ్డది. నిలబడటమే చేయరాని పని అని చెప్పడానికి చెల్లెలు వచ్చింది. హనుమమ్మ అటు తిరిగిన క్షణంలో భాగీరథి కుడిచేయి గోడను వదిలి తొడ మీదికి జారడం, అక్కడ ఒకసారి గట్టిగా అదిమి మళ్లీ గోడ మీదికి పోవడం సుగుణమ్మ కంటపడింది.

పందిరి దేనికో ఆమెకు తెలుసు. మఠం గురువుగారి దయతో భార్య రోగం మాయమైందని చెన్నబసప్ప న్యాల్‌కల్ దాకా చెప్పుకున్నాడు. కార్తీకం మొదటి సోమవారం యాభై ఒక్కమంది జంగమయ్యలకు పాదపూజ, భోజనం మొక్కుకున్నాడు. రోగం పోయిన మనిషే తన చేత్తో విస్తరి విస్తరికీ తిరిగి వడ్డించాలని మొక్కులో ఒక భాగం.

చెన్నబసప్ప ముందరి అర్రలో మంచం మీద కూర్చుని పిలవాల్సినవాళ్ల పేర్లు రాసుకుంటున్నాడు. ఊళ్లో అందరూ పటేలా అని పిలిచే యాభై ఎనిమిదేళ్ల మనిషి. పదెకరాల అల్లం, అంతకు రెట్టింపు చెరకు; నిజాం కాలపు ఉర్దూ చదువు. భార్యను ఏనాడూ చేయెత్తి కొట్టలేదు, ఏకవచనంతో కసిరింది కూడా లేదు. ఈ కథలో దుర్మార్గుని కోసం వెతికేవాళ్లకు ఆయన పనికిరాడు. ఒక మనిషిని నెలల తరబడి నొప్పిలో కూర్చోబెట్టడానికి దుర్మార్గుడు అక్కర్లేదు. మంచివాడని పదిమందీ అనుకునే మొగుడు చాలు.

“బావా, సోమారం అక్కను హైదరాబాదు తీస్కపోవాలె.”

ఆయన రాత ఆపలేదు. “సోమారం ఏముందో నీకు ఎర్కలేదా?”

“ఎర్కనే. గందుకే ఇయ్యాల్నే వచ్చిన.”

ఉత్తరం చదివి వినిపించింది. తొడ ఎముక దగ్గరికి వచ్చేసరికి ఆయన కలం మూత పెట్టాడు. చదవడం అయిపోయాక పందిరి గుంజల వైపు చూశాడు.

“మల్ల కరెంటా? బాగైందని నువ్వే అంటివి గదా.”

“బాగైందని నేనన్లేదు బావా. నొప్పి తగ్గిందన్న.”

“రెండు ఒకటి కాదా?”

“కాదు.”

“ఊరంత బాగైందనే అంటున్నది.”

“ఊరికి చెప్పింది మీరే.”

చెన్నబసప్ప ఆ మాటను విననట్టు దాటేశాడు. “సరే, సోమారం కానీ. మంగళారం మంచిది కాదు. బుధారం నేనే జీపు మాట్లాడి తోలిస్త.”

“బుధారం పోతె మూడు వారాలు ఆగుమంటరు. గప్పటి దాంక ఆ తొడబొక్క ఆగదు.”

“బొక్కకేమైంది? నడుస్తనే ఉన్నది గదా మీ అక్క.”

“నడుస్తున్నది. గదే నా భయం.”

ఆయన లేచి ధోవతి అంచు సర్దుకున్నాడు. మాట ముగించాలనుకున్నప్పుడు ఆయనకది అలవాటు. “నువ్వు ఎన్నయినా చెప్పు సుగుణా. ఒప్పుకోవాల్సింది నువ్వు కాదు, నేను కాదు, ఆమె. కార్తీక సోమారం నాడు తానం లేదు, పూజ లేదు, మెడల లింగం తీసి పరాయోళ్ల ముంగట బోర్ల పండుకొమ్మంటె మీ అక్క ఒప్పుకుంటదా? సచ్చినా ఒప్పుకోదు.”

సుగుణమ్మ చేయి సంచిలోని హాజరుపట్టీ మీద పడింది. ఆ మాటలు ఆమె అంతకుముందు చదివి ఉన్నది.

ఒప్పుకోవడం సంగతి ఏమిటో ఆమె కళ్లారా చూసింది. దసరా సెలవుల మొదటి సోమవారం, హైదరాబాదు ఆసుపత్రిలో యంత్రం నడిపే మాణిక్, భాగీరథి వీపు మీద ఊదారంగు సిరాతో నాలుగు గీతలు గీశాడు. బీదరు వైపు మనిషి. మాట మోటుగా ఉన్నా చేయి నెమ్మది. రెండు షరతులు చెప్పాడు. ఐదు రోజులూ ఆ గీతలకు నీళ్లు తగలకూడదు. యంత్రం కింద ఒంటి మీద లోహం ఉండకూడదు.

అవి విని సుగుణమ్మ అక్క వైపు చూసింది. స్నానం చేసి, నుదుట విభూతి పెట్టి, మెడలోని వెండి లింగకాయ తెరిచి లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని పూజ చేస్తే గాని అక్క మంచినీళ్లు ముట్టదు. రొమ్ము కోసినప్పుడు సైతం ఆ లింగకాయను మెడ నుంచి తీసి మణికట్టుకు కట్టించుకున్నది. ఇక చికిత్స జరిగినట్టేనని సుగుణమ్మ అనుకుంటుండగా భాగీరథి ఒక్క నిమిషం ఆలోచించింది.

“నీళ్లు లేని తాన ఇబూతి పూసుకుంటె తానమే గదా చెల్లె. మా అత్తమ్మ పక్షవాతంతోని పడ్డప్పుడు మూడు నెలలు గట్లనే చేసింది. సంచిల ఇబూతి ఉండ ఉన్నది చూడు.” తర్వాత మాణిక్ వైపు తిరిగింది. “నాయినా, ఇది మెడల ఉండద్దు. చేతిల ఉండచ్చా?”

“వీపు కాడ ఉండద్దు గంతే అవ్వా. చెయ్యి ముంగటికి చాపి పట్టుకో. మెషిన్ నీ చెయ్యి జోలికి రాదు.”

అంతే. చర్చ అక్కడితో ముగిసింది. మందపాటి తలుపు మూసుకున్నాక, చిన్న అద్దంలోంచి సుగుణమ్మ చూసింది: బోర్లా పడుకున్న అక్క, తలకు ముందుగా చాపిన ఎడమచేయి, మూసిన గుప్పిట. యంత్రం రెండు నిమిషాల చిల్లర మోగింది. ఐదు రోజులు అదే. మొదటి రెండు రోజులు నొప్పి ఎగదన్నింది. ఇంటికి వచ్చిన వారానికి భాగీరథి పడుకున్నది.

తిరుగు ప్రయాణంలో, సదాశివపేట దాటాక, ఆసుపత్రి గుమాస్తా కొత్త కాగితాలతో కలిపి కుట్టి ఇచ్చిన పాత కాగితం సుగుణమ్మ కంటపడింది. ఇంగ్లీషులో నాలుగు వరుసలు. తేదీ 1982 జూన్ 9. వ్యాధి వెన్నెముకకు పాకింది. నయం కాదు, నొప్పి తగ్గించడానికి ఐదు రోజుల కిరణ చికిత్స ఇవ్వవచ్చు. మతాచారం కారణంగా రోగి ఒప్పుకోలేదు. కింద, రోగి సంతకం చేయవలసిన చోట, ఉర్దూలో పొందికగా చేసిన చెన్నబసప్ప సంతకం.

ఆ రోజు నుంచి కరెంటు పెట్టిన మొదటి రోజు దాకా నూట ముప్పై ఒక్క రోజు. సుగుణమ్మ బస్సులోనే లెక్క వేసింది. ఆ రోజుల్లో రెండుసార్లు తాను ఈ ఇంటికి వచ్చింది. మోకాళ్ల మీద నుదురు పెట్టుకున్న అక్క పక్కన కూర్చుని, “ఓర్చుకో అక్కా, తగ్గుతది” అని చెప్పి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. ఇంకొకరిని నిలదీయబోయే ముందు ఆమె ఆ రెండు సాయంత్రాలను మరచిపోలేదు. నెల రోజుల మౌనానికి అదీ ఒక కారణం. రెండో కారణం అక్క నిద్ర. ఆ నిద్రలోకి ఈ కాగితాన్ని తీసుకుపోవడానికి చేయి ఆడలేదు.

ఇప్పుడు అదే మాట, అదే మనిషి నోట, రెండోసారి.

సుగుణమ్మ హాజరుపట్టీ తెరిచి ఆ కాగితాన్ని తీసింది. మంచం మీద పరిచిన పేర్ల జాబితాపై పెట్టింది.

“బావా, ఈ సంతకం ఎవలది?”

చెన్నబసప్పకు ఇంగ్లీషు రాదు. సంతకం మాత్రం ఆయనదే. బొటనవేలితో దాన్ని ఒకసారి రుద్దాడు, తడిసిన సిరా చెరిగిపోతుందేమోనని చూసినట్టు.

“ఇది నీకెట్ల దొరికింది?”

“దొరికిన సంగతి తర్వాత. జూన్ల అక్కకు కరెంటు పెడుతమన్నరా లేదా?”

“జర మెల్లగ మాట్లాడు.”

“రోగి ఒప్పుకోలేదని రాసున్నది. ఆ రోగిని ఎవలడిగిన్రు?”

“ఎవలు ఒప్పుకోలేదు?”

ఆ గొంతు వెనక నుంచి వచ్చింది. రవ్వ అంటిన చేతులతో, దర్వాజకు భుజం ఆనించి భాగీరథి నిలబడి ఉన్నది. బరువంతా ఎడమకాలి మీద ఉంది. ఆమె వెనకాల హనుమమ్మ.

సుగుణమ్మ వెళ్లి అక్క చంక కింద చేయి వేసి మంచం దాకా నడిపించింది. ఆ నాలుగడుగులకు భాగీరథి పెదవుల మీద చెమట పోసింది. కూర్చున్నాక, మూలకు ఉన్న పెద్ద మెత్త మీద ఆమె చేయి అలవాటుగా పడింది.

“చదువు చెల్లె.”

“అక్కా, ఇప్పుడెందుకు...”

“బడిల పిల్లలకు చదివి చెప్తవు చూడు, గట్ల చదువు. నాకు సమజ్ కావాలె.”

సుగుణమ్మ చదివింది. ఒక్కొక్క వరుసా ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పింది. ‘నయం కాదు’ అన్న చోట ఒక్క క్షణం ఆగింది. ఆగిందని తెలిసి భాగీరథి, “దాటెయ్యకు,” అన్నది. దాటెయ్యకుండానే చదివింది.

“జూన్ అంటె ఎప్పుడు?”

“మిరుగు కార్తె తెల్లారి.”

“అల్లం పెట్టేటప్పుడు.” భాగీరథి గుర్తు చేసుకుంటున్నట్టు తల ఊపింది. “నన్ను బయట బల్ల మీద కూసోబెట్టి మీరొక్కరే లోపటికి పోయిన్రు. మస్తు సేపు రాలేదు. వచ్చినంక, ఏం లేదన్నరు, గోలీలిచ్చిన్రు, ఇంటికి పోదం పా అన్నరు. కండ్లు ఎర్రగున్నయి. ధూళి పడ్డదేమో అనుకున్న.”

చెన్నబసప్ప నేల చూస్తున్నాడు.

“గప్పుడే పెడుతమన్నరా గీ కరెంటు?”

“అన్నరు,” అన్నాడు ఆయన తల ఎత్తకుండానే.

“ఐదు దినాలేనా?”

“ఐదు దినాలే అన్నరు.”

“మొన్న పెట్టిందే?”

“గదే.”

భాగీరథి చేయి మెత్త మీద అటూ ఇటూ కదిలింది. లావైన, గట్టిగా దూది కూరిన మెత్త. ఎర్రచారల గలేబు వెలిసి, తల ఆనే చోట నూనె మరక నల్లబడి ఉన్నది.

“ఆ దినం వాపస్ వచ్చేటప్పుడు అఫ్జల్‌గంజ్ల బస్సు ఆపించి ఈ మెత్త కొన్నరు మీరు,” అన్నది ఆమె. “కూసోని ఆనుకుంటె మంచిగుంటదన్నరు. నాకు ఎంత సంబురమైందో ఎర్కనా? పెండ్లైన ఇన్నేండ్లకు నాకోసమని అడగకుంట తెచ్చిన మొదటి వస్తువు ఇది. వదినెకు గూడ చూపించి మురిసిన. అంటె, నేను ఇగ కూసోనే ఉంటనని మీకు గప్పుడే ఎర్క.”

హనుమమ్మ ఉండబట్టలేకపోయింది. “పోనీ తియ్యి భాగీ. అయిపోయిందానికి ఇప్పుడెందుకు? మొగోనికి ఏం పరేషాన్లు ఉన్నయో ఏమో.”

“అయిపోయింది మీకు వదినె. కూసున్నది నేను.” గొంతు ఎత్తకుండానే అన్నది. “ఎన్ని దినాలు చెల్లె?”

“నూట ముప్పై ఒకటి.”

“లెక్క పెట్టినవా? మంచిది. నేను లెక్క తప్పిన.”

చెన్నబసప్ప అప్పుడు మాట్లాడాడు. ముఖం మీద ఉన్న పటేలుతనం జారిపోయి, వయసు మాత్రమే మిగిలింది.

“ఆ డాక్టరమ్మ చెప్పిందాంట్ల నాకు ఒక్కటే మాట ఇనబడ్డది భాగీ. మనిషి దక్కదన్నది. నేను అడిగిన. కరెంటు పెడితె దక్కుతదా అని. దక్కదు, నొప్పి పోతదన్నది. దక్కనప్పుడు... దక్కని మనిషిని గంత దూరం తిప్పి, గా చీకటి అర్రల ఒక్కదాన్నే పెట్టి, ఎందుకు బాధ పెట్టుడు అనుకున్న. ఇంట్ల కండ్ల ముంగట ఉంటె చాలనుకున్న.”

“మరి ఇదెందుకు రాపిచ్చిన్రు, నేను ఒప్పుకోలేదని?”

“వద్దంటె ఊకోలేదు. ఎందుకు వద్దో చెప్పాలె, రాస్కోవాలె అన్నది. ఏం చెప్పాల్నో సమజ్ కాలేదు. మా ఇంట్ల ఆడోళ్లు లింగం తియ్యరు, నీళ్లు పోస్కోకుంట ఉండరు అన్న. గది రాసుకున్నది.”

“నా దేవుని మీద పెట్టిన్రు.”

ఆయన పేర్ల జాబితాను మడిచి పక్కకు నెట్టాడు.

నెల రోజులుగా సుగుణమ్మ తన మనసులో రాసుకుంటూ వచ్చిన నేరపత్రంలో బావ చెప్పిన ఈ కారణానికి చోటు లేదు. ఆయన మోసగాడైతే ఆమెకు సులువుగా ఉండేది. డాక్టరు చెప్పిన రెండు మాటల్లో ఒక్కటే విని, రెండోదాన్ని అక్కడే, ఆ గది గుమ్మంలోనే వదిలిపెట్టి వచ్చిన మనిషి ఎదురుగా కూర్చున్నాడు. వదిలేసిన ఆ రెండో మాట మాత్రం ఆయనది కాదు. అది భాగీరథిది.

“ఇనున్రి,” అన్నది భాగీరథి. “నేను పోతనని నాకు ఎర్కలేదనుకున్నరా? రొమ్ము కోసిన దినమే ఎర్క. కట్టు విప్పేటప్పుడు నర్సమ్మ నా మొకం దిక్కు చూల్లేదు, గప్పుడే ఎర్క. మీకు బాధైతదని నేను అడగలేదు. నాకు బాధైతదని మీరు చెప్పలేదు. గంతవరకు ఇద్దరం సమానమే. దాంట్ల మిమ్ముల నేనేమనను.”

ఊపిరి తీసుకోవడానికి ఆగింది. కుడిచేయి మళ్లీ తొడను అదిమింది, ఈసారి దాచలేదు.

“సావు అందరిది. మీరు గూడ ఏడ్సచ్చు, ఊరు గూడ ఏడ్సచ్చు. నొప్పి నా ఒక్కదానిది. దాన్ని ఉంచుకుంటనో తీస్కుంటనో నన్ను అడగాల్సుండె. బల్ల మీదనే కూసున్న గదా, పది అడుగుల దూరం. బయటికొచ్చి ఒక్కమాట అడిగితె అయిపోతుండె.”

చెన్నబసప్ప రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. హనుమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. వాకిట్లో గుంజకు మేకు కొడుతున్న చప్పుడు వినిపిస్తున్నది. ఎవరో దాన్ని ఇంకా లోతుగా దింపమని అరుస్తున్నారు.

“సోమారం నేను పోత,” అన్నది భాగీరథి.

“భాగీ, యాభై ఒక్కమంది జంగమయ్యలకు చెప్పిన. పానం మంచిగైన మనిషి వడ్డిస్తదని మొక్కు. మల్ల దవాఖానకు పోయిందంటె...”

“అంటె?”

“మొక్కు అబద్ధమైతది.”

“మొక్కు కాదు. మీరు చెప్పింది అబద్ధమైతది.” ఆమె రవ్వ అంటిన చేతులను కొంగుకు తుడుచుకున్నది. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నది. “సుగుణా, ఈ ముడి నాకు అందుతలేదు. విప్పు.”

అక్క మెడ వెనక శివదారం ముడి దగ్గరికి పోయిన సుగుణమ్మ చేయి అక్కడే ఆగిపోయింది. “అక్కా?”

“విప్పు చెల్లె. మొన్న ఐదుసార్లు విప్పినవు గదా.”

సుగుణమ్మ విప్పింది. అరిగిన వెండి లింగకాయ శివదారంతో సహా భాగీరథి అరచేతిలోకి జారింది. ఆమె దాన్ని కళ్లకద్దుకున్నది. తర్వాత భర్త ఎడమచేతిని ఆయన ముఖం మీంచి పట్టి తీసి, తెరిచి, అందులో పెట్టింది.

“శివ శివా!” అని హనుమమ్మ వెనక్కి తగ్గింది. “ఏందే ఇది భాగీ! మెడల ఉండాల్సింది...”

“వదినె, మీరు సప్పుడు చెయ్యకున్రి.” భాగీరథి కళ్లు భర్త మీదనే ఉన్నాయి. “నా పేరు మీద మీరు ఒకపారి వద్దన్నరు. ఇప్పుడు నా ముంగటనే చెప్పున్రి. సోమారం పోదం, నేను వెంట వస్త అంటె, అది తిరిగి మీ చేతితోనే నా మెడల కట్టున్రి. ఆడ మల్ల తీసేటప్పుడు మీరే పట్టుకోని ఆ అద్దం కాడ నిలబడాలె. నన్ను చూసుకుంట నిలబడాలె. వద్దంటె గది మీ తాన్నే ఉంచుకోన్రి. రోగి ఒప్పుకోలేదని మల్ల రాస్కోన్రి. కట్టేదాంక నేను మంచినీళ్లు గూడ ముట్ట.”

ఆమె మెత్తకు ఆనుకుని కూర్చున్నది. మూడు వారాల తర్వాత మళ్లీ అదే మెత్త, అదే కూర్చోవడం. బోసిగా ఉన్న మెడ మీద, శివదారం ముప్పై ఏళ్లు ఒరుసుకున్న చోట, సన్నని తెల్లటి గీత కనిపిస్తున్నది.

చెన్నబసప్ప అరచేతిని చూసుకుంటున్నాడు. దాన్ని కింద పెట్టలేడు. కింద పెట్టవలసిన వస్తువు కాదది. తన మెడలో వేసుకోలేడు. అక్కడ తనది ఉన్నది. ఇంకొకరి చేతికి ఇవ్వలేడు. జన్మలో మొదటిసారి ఆయన చేతిలో ఉన్నది భార్య బరువు. అది తులాల లెక్కన చాలా తక్కువ.

“పటేలా! ఓ చెన్నబసప్ప పటేలా!”

వాకిట్లోంచి కేక. మఠం పనులు చూసే సంగప్ప గొంతు. వెంట ఇంకో నలుగురి మాటలు, సైకిళ్లు ఆనిస్తున్న చప్పుడు. “స్వాములోరు కబురంపిన్రు. ఎల్లుండి పొద్దుగాల ఎన్ని గంటలకు రావాల్నో అడిగి రమ్మన్నరు. పాదపూజ అమ్మనే చేస్తదా, ఇద్దరు చేస్తరా?”

సంగప్ప ఆ ఇంటికి చుట్టమంత చనువున్న మనిషి. చెప్పులు విడిచి గుమ్మం దాకా వచ్చాడు. చెన్నబసప్ప లేచి ఎదురు వెళ్లబోయాడు. లేచాక, చేయి మూయాలో తెరిచి ఉంచాలో తెలియక, అలాగే దర్వాజలో నిలిచిపోయాడు.

సంగప్ప నవ్వుతూ ఏదో అనబోయాడు. అప్పుడు ఆయన చూపు పటేలు అరచేతి మీద పడింది. వెండికాయను గుర్తుపట్టాడు, ప్రతి పండగకూ జంగమయ్యల పాదాలు కడిగి లేచే ఆ తల్లి మెడలో చూసిందే. అక్కడి నుంచి చూపు లోపలికి, మెత్తకు ఆనుకున్న మనిషి బోసి మెడ మీదికి పోయింది. నవ్వు మాయమైంది. తలమీది రుమాలు తీసి చేత పట్టుకున్నాడు. వెనకనున్న నలుగురూ ఆయన భుజాల మీంచి తొంగి చూశారు.

“పటేలా,” అన్నాడు నెమ్మదిగా. “అమ్మకేమైంది?”

ఎనిమిది నెలలుగా ఊళ్లో ఆ ప్రశ్నకు జవాబు చెబుతూ వచ్చింది చెన్నబసప్ప ఒక్కడే. ఒకసారి వాతమన్నాడు, ఒకసారి గురువుగారి దయ అన్నాడు. ఇప్పుడు ఆయన గుమ్మం బయటి ఐదు ముఖాలనూ చూశాడు, వెనక్కి తిరిగి భార్య ముఖాన్ని చూశాడు. ఆమె ఏ సైగా చేయలేదు. ఆయన కోసం అబద్ధమాడటం గాని, ఆయన బదులు నిజం చెప్పడం గాని తన పని కాదన్నట్టు, చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తున్నది.

చెన్నబసప్ప అరచేయి మెల్లగా మూసుకున్నది. నోరు తెరుచుకున్నది.